లక్షద్వీప్ లగూన్‌లో తాబేళ్లనూ స్టార్‌ఫిష్‌లనూ చూడాలంటే: స్నార్కెలింగ్ చేసేవాళ్లకు దారి

స్నార్కెలింగ్‌కి, అంటే కళ్లకు మాస్కు పెట్టుకుని గొట్టంతో ఊపిరి తీస్తూ నీటి మీద బోర్లా తేలి కిందకి చూడటానికి, వెళ్లి తాబేలు కనపడలేదని నిరాశపడేవాళ్లలో చాలామంది దాన్ని వెతకాల్సిన చోట వెతకరు. రంగురంగుల చేపలున్న పగడాల దగ్గర నీళ్లలోకి దిగి, గంటసేపు అక్కడక్కడే తిరిగి పైకొచ్చేస్తారు. పచ్చ తాబేలు పెద్దయ్యాక ముఖ్యంగా తినేది సముద్ర గడ్డి. ఆ గడ్డి పగడాల మీద పెరగదు. అలల దెబ్బ తగలని, లోతు తక్కువగా ఉన్న ఇసుక నేలలో పెరుగుతుంది. గడ్డి ఎక్కడుందో పట్టుకుంటే సగం పని అయినట్టే. స్టార్‌ఫిష్ సంగతి వేరు. అది పారిపోదు, కానీ కళ్లముందే ఉన్నా కనపడదు. మొదటిదానికి ఒకచోట కదలకుండా ఆగడం రావాలి, రెండోదానికి నెమ్మదిగా చూడటం రావాలి.

ఇక్కడ చెప్పేదంతా లక్షద్వీప్‌లోని అగత్తిని దృష్టిలో పెట్టుకుని. కొచ్చి నుంచి విమానంలో గంటన్నర. ఏడెనిమిది కిలోమీటర్ల పొడవున్నా కిలోమీటరు వెడల్పు కూడా లేని ద్వీపం అది. పడమటి పక్కన పగడపు దిబ్బ గోడలా అడ్డం నిలబడి పెద్ద అలల్ని ఆపేస్తుంది. దిబ్బకీ ఒడ్డుకీ మధ్య ఉన్న నిలకడ నీరే లగూన్. చాలాచోట్ల నడుం లోతు నుంచి రెండు మనుషుల లోతు దాకా ఉంటుంది కాబట్టి ఒడ్డు నుంచే నడుచుకుంటూ దిగొచ్చు.

మన కోస్తాలో చలికాలం చివర గుడ్లు పెట్టడానికి ఇసుక మీదకి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు, ఇక్కడ చూడబోయేవి ఒకటి కాదు. అవి ఒడ్డుకు వచ్చేది ఎక్కువగా రాత్రిపూట, గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. లగూన్‌లో ఉండే పచ్చ తాబేళ్లు పట్టపగలు నీళ్ల కింద గడ్డి మేస్తూ కనపడతాయి. వీటిని మేత దగ్గర చూడగలగడం అరుదైన అవకాశం, కాబట్టి పద్ధతిగా చూడటం నేర్చుకుని వెళ్లండి.

ముందు చూసుకోవాల్సినవి

అక్టోబర్ నుంచి మే సగం దాకా వెళ్లొచ్చు. జూన్ నుంచి సెప్టెంబర్ వరకు నైరుతి రుతుపవనాల వల్ల సముద్రం పోటెత్తుతుంది, పడవలు ఆగిపోతాయి, లగూన్ నీళ్లు కూడా మసకబారతాయి. నీళ్లు తేటగా, గాలి నెమ్మదిగా ఉండేది సాధారణంగా డిసెంబర్ నుంచి ఏప్రిల్ మొదటి వారాల దాకా.

లక్షద్వీప్‌లో అడుగు పెట్టాలంటే మన దేశస్థులకు కూడా అనుమతి పత్రం కావాలి. టిక్కెట్లు కొనేముందే దాని సంగతి తేల్చుకోండి. అనుమతి వస్తుందిలే అని ముందే విమానం టిక్కెట్లు కొనేసి, చివర్లో పోలీసు ధ్రువపత్రం కోసం పరుగులు పెట్టొద్దు. బంగారం అనే పేరున్న దీవి తప్ప మిగతా దీవుల్లో మద్యం నిషేధం. స్థానికులు సంప్రదాయంగా ఉండే ముస్లింలు కాబట్టి ఒళ్లంతా కప్పే ఈత దుస్తులు వేసుకోండి. ఆ దుస్తులు ఎండ నుంచీ కాపాడతాయి. బోర్లా తేలుతూ గంటసేపు ఉంటే వీపు, పిక్కల వెనక భాగం, మెడ మాడిపోతాయి, నీళ్ల చల్లదనానికి ఆ మంట రాత్రి దాకా తెలియదు. పూర్తి చేతుల రాష్‌గార్డ్ (ఒంటికి అతుక్కునే ఈత చొక్కా), మోకాళ్ల కిందకి వచ్చే లెగ్గింగ్ ఉంటే సన్‌స్క్రీన్ ముఖానికి, చేతులకు సరిపోతుంది. ఆ కాస్త కూడా జింక్ ఆక్సైడ్ ఉన్నదే తీసుకోండి. ఆక్సీబెంజోన్ ఉన్నవి పగడాలకు చేటు చేస్తాయన్న కారణంతో హవాయి 2021 నుంచి వాటి అమ్మకాన్నే ఆపేసింది.

సామాను: మాస్కు మీదే అంతా ఆధారం

అద్దెకిచ్చే మాస్కులు దొరుకుతాయి కానీ, అవకాశముంటే మాస్కు ఒక్కటైనా మీది మీరు కొనుక్కోండి. సరిపోయే మాస్కును ఇలా పరీక్షించండి: బెల్టు వేసుకోకుండా మాస్కును ముఖానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి లోపలికి పీల్చి, చెయ్యి వదిలేయండి. మాస్కు పడిపోకుండా అతుక్కుని ఉంటే అది మీ ముఖానిది. జారితే ఎంత ఖరీదైనదైనా వద్దు. బెల్టు బిగిస్తే కారడం ఆగుతుందనుకోవడం పొరపాటు. ఎక్కువ బిగిస్తే సిలికాన్ అంచు మడతపడి ఇంకా ఎక్కువ కారుతుంది.

నీళ్లు కారడానికి మన దగ్గర మామూలుగా మూడు కారణాలు: మీసం, జుట్టు, కొబ్బరి నూనె. మీసమున్నవాళ్లు ముక్కు కిందనే ఒక సన్నటి గీత మందాన వెంట్రుకలు తీసేస్తే అంచు చర్మానికి ఆనుతుంది. నుదుటి మీద ఒక్క వెంట్రుక పాయ అంచు కిందకు వెళ్లినా ధారగా నీళ్లొస్తాయి, అందుకని జుట్టును వెనక్కి లాగి గుడ్డ కట్టుకోండి. తలకి నూనె రాసుకుని దిగితే అంచు జారుతూనే ఉంటుంది, పైగా అద్దం మీద జిడ్డు పొర కడుతుంది. ఆ రోజుకి నూనె మానేయండి.

కొత్త మాస్కు అద్దానికి తయారీలో అంటిన పలచటి పొర ఉంటుంది. అది పోకపోతే ఏం చేసినా ఆవిరి పట్టేస్తుంది. మెత్తటి తెల్ల టూత్‌పేస్టు లోపలివైపు పూసి, వేలితో రెండు నిమిషాలు రుద్ది, కడగండి. ఇలా మూడు నాలుగు సార్లు. దిగే ముందు పిల్లల షాంపూ ఒక చుక్క లోపల రాసి, సముద్రపు నీటితో ఒకసారి మాత్రం కడగండి. మరీ శుభ్రంగా కడిగేస్తే ప్రయోజనం పోతుంది.

కళ్లజోడు ఉన్నవాళ్లకి పవర్ ఉన్న అద్దాలతో మాస్కులు రెడీమేడ్‌గా దొరుకుతాయి. అది లేకుండా దిగితే తాబేలు కనపడొచ్చుగానీ స్టార్‌ఫిష్ మాత్రం కనపడదు. ముఖమంతా కప్పే మాస్కులు వద్దు. వాటిలో వదిలిన గాలే మళ్లీ పీల్చే ప్రమాదం ఉంది, నీళ్లు చేరితే గబుక్కున తీయడమూ కష్టం.

స్నార్కెల్ గొట్టం ముప్పయ్యైదు, నలభై సెంటీమీటర్లు ఉంటే చాలు. అడుగున నీళ్లు బయటికి పోయే వాల్వు ఉన్నది కొత్తవాళ్లకి తేలిక. కాళ్లకు తొడిగే ఫిన్స్ విషయంలో ఒక మాట: వేళ్లు ముడుచుకోవాల్సి వస్తే పిక్కలు పట్టేస్తాయి, వదులైతే మడమ ఒరుసుకుని బొబ్బలొస్తాయి. సన్నటి సాక్సు మీద వేసుకోండి. ఈత రానివాళ్లు లైఫ్ జాకెట్ లేకుండా దిగకూడదు. వచ్చినవాళ్లూ వేసుకోవడమే మంచిది, ఎందుకంటే తేలడానికి శ్రమ పడకపోతే కాళ్లు కదలవు, కాళ్లు కదలకపోతే తాబేలు బెదరదు.

దిగేముందు నడుం లోతులో సాధన

మొదటిసారి అయితే తాబేలు సంగతి మరిచిపోయి, మొదటి రోజు పావుగంటో ఇరవై నిమిషాలో ఒడ్డు దగ్గర ఈ నాలుగూ చేయండి.

1. నిలబడే, ముఖం మాత్రం నీళ్లలో పెట్టి గొట్టంతో ఊపిరి తీయండి. లోపలికి నెమ్మదిగా, బయటికి ఇంకా నెమ్మదిగా. గబగబా తీస్తే గొట్టంలో మిగిలిన పాత గాలే మళ్లీ లోపలికి పోయి, గాలి ఆడనట్టు అనిపిస్తుంది. మొదట్లో వచ్చే కంగారుకి చాలావరకు కారణం ఇదే.

2. గొట్టంలోకి కావాలని కొంచెం నీళ్లు రానిచ్చి, "థూ" అని గట్టిగా ఊదేయండి. ఊదాక మొదటి ఊపిరి జాగ్రత్తగా తీయండి, ఒకటి రెండు చుక్కలు మిగిలి ఉండొచ్చు.

3. మాస్కులోకి కొంచెం నీళ్లు రానివ్వండి. తల కాస్త పైకెత్తి, పై అంచును నుదుటికి నొక్కి, ముక్కుతో ఊదండి. నీళ్లు కింది అంచు నుంచి పోతాయి.

4. బోర్లా పడుకుని, చేతులు ఒంటికి ఆనించుకుని, కాళ్లు ఆడించకుండా రెండు నిమిషాలు తేలండి. అందరూ వదిలేసేది ఇదే, తాబేలు దగ్గర అక్కరకొచ్చేదీ ఇదే.

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఫిట్స్, ఆస్తమా ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే దిగాలి. నీళ్లలో ఒంటరిగా ఎప్పుడూ ఉండొద్దు. ఇద్దరుంటే ఒకరు కిందకి చూస్తుంటే రెండోవారు అప్పుడప్పుడు తలెత్తి పడవల్నీ ఒడ్డునూ చూసుకోవాలి.

ఏ వేళకి దిగాలి

నీళ్లు తేటగా ఉండటం ఆటుపోట్ల మీద ఆధారపడి ఉంటుంది. పోటు ఎక్కేటప్పుడు బయటి సముద్రపు తేటనీళ్లు లగూన్‌లోకి వస్తాయి. ఆటు తీసేటప్పుడు లోపలి ఇసుక రేణువులు కలిసిన నీళ్లు బయటికి పోతాయి, పైగా పడవలు వచ్చిపోయే మొగ దగ్గర ప్రవాహం మనిషిని లాగేంత జోరుగా ఉంటుంది. అందుకే సగం పోటు దగ్గర దిగి, పోటు నిండేసరికి పైకి రావడం అన్నిటికన్నా బాగుంటుంది. పూర్తి ఆటు మీద వెళ్తే గడ్డి మీద నీళ్లు మోకాలి లోతే మిగులుతాయి. మీ పొట్ట నేలకు రాసుకుంటుంది, తాబేళ్లు లోతుకు జరుగుతాయి.

పోటు వేళ రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. పౌర్ణమి, అమావాస్యల చుట్టూ రెండు మూడు రోజులు పోటు బలంగా ఉంటుంది, ప్రవాహాలూ జోరే. అష్టమి, నవమి ప్రాంతంలో పోటు మందంగా ఉండి నీళ్లు నెమ్మదిగా కదులుతాయి. కొత్తవాళ్లు, పిల్లలతో వెళ్లేవాళ్లు క్యాలెండర్‌లో తిథి చూసుకుని అష్టమి దగ్గర రోజుల్ని ఎంచుకుంటే ఎంతో తేలిక.

ఆ రోజుల్లో పోటు వేళ ఉదయం ఎనిమిదీ పదకొండూ మధ్య పడితే ఇంక ఆలోచించక్కర్లేదు. ఎండ తగినంత ఎత్తుకు వచ్చి వెలుగు నేల దాకా దిగుతుంది, గాలి ఇంకా లేవదు. మధ్యాహ్నం గాలి లేచి చిన్న అలలు కొడితే నీళ్ల మీద వెలుగు చెదిరి కింద ఏదీ నిలకడగా కనపడదు, గొట్టంలోకి నీళ్లూ పడతాయి.

గడ్డిని కనిపెట్టడం

ఒడ్డున అడగాల్సిన ప్రశ్న "తాబేళ్లు ఎక్కడుంటాయి?" అని కాదు. ఎక్కడైనా ఉంటాయంటారు. "ఈ సీజన్‌లో గడ్డి ఎక్కడ బాగుంది?" అని అడగండి. అడుగున అద్దమున్న పడవలు నడిపేవాళ్లు, లగూన్‌లో వల వేసే జాలర్లు, డైవింగ్ నేర్పేవాళ్లు, ఈ ముగ్గురినీ అడిగి ఇద్దరు చెప్పిన చోటికి వెళ్లండి.

"ఈ సీజన్‌లో" అనే మాట ఎందుకంటే, అగత్తి గడ్డి పాత ఫొటోల్లో ఉన్నట్టు ఇప్పుడు ఉండదు. 2000 తర్వాతి సంవత్సరాల్లో అగత్తి లగూన్‌లో పచ్చ తాబేళ్లు విపరీతంగా చేరాయి. మైసూరుకు చెందిన నేచర్ కన్జర్వేషన్ ఫౌండేషన్ పరిశోధకులు అక్కడి గడ్డిని ఏళ్ల తరబడి కొలుస్తూ వచ్చారు. తాబేళ్లు తిన్న వేగానికి గడ్డి తిరిగి పెరగలేకపోయింది, పొడవాటి ఆకుల జాతి తగ్గిపోయింది, చివరికి గడ్డి మైదానాలే పలచబడ్డాయి. అప్పుడు తాబేళ్లు పక్క దీవుల లగూన్లకు మళ్లాయి, అక్కడా అదే వరుస జరిగింది. గడ్డిలో పెరిగే చిన్న చేపలు తగ్గాయని జాలర్లు తాబేళ్ల మీద కోపంగా ఉండటానికి కారణం ఇదే. అది ఉత్తి కోపం కాదు, వాళ్ల బతుకు సమస్య. వాళ్ల దగ్గర తాబేళ్ల గురించి మాట్లాడేటప్పుడు ఆ సంగతి గుర్తుంచుకోండి. మీకు దీంతో పనేమిటంటే, తాబేళ్లు గడ్డి వెంట కదులుతుంటాయి. మూడేళ్ల కిందట స్నేహితులు చూసొచ్చిన చోటు ఇప్పుడు ఉత్త ఇసుక అయి ఉండొచ్చు, అప్పుడు ఏమీ లేని చోట ఇప్పుడు మేత ఉండొచ్చు.

ఒడ్డు నుంచి చూస్తే గడ్డి ఉన్న చోటు లేత నీలం నీళ్లలో ముదురు ఆకుపచ్చ మచ్చలా ఉంటుంది. పగడపు బండలు కూడా ముదురుగానే కనపడతాయి కానీ వాటి అంచు తెగినట్టు స్పష్టంగా, రంగు గోధుమగా ఉంటుంది. గడ్డి అంచు ఇసుకలోకి మెల్లగా కరిగిపోయినట్టు ఉంటుంది. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే నీటి మీది మెరుపు తగ్గి తేడా బాగా తెలుస్తుంది.

నీళ్లలోకి వెళ్లాక ఒక గడ్డి పోచను తెంపకుండా దగ్గరగా చూడండి. తాబేలు మేసిన పోచ కొస గుండ్రంగా ఉండదు, కత్తెరతో కోసినట్టు అడ్డంగా తెగి ఉంటుంది. కోత కొత్తదైతే కొస పచ్చగా ఉంటుంది, పాతదైతే గోధుమ రంగుకి తిరుగుతుంది. చుట్టూ గడ్డి జానెడు ఉండి, ఒకచోట మాత్రం రెండు వేళ్ల ఎత్తులో సమంగా కురచగా ఉందంటే అది మేత బీడు. తాబేళ్లు మేసిన చోటికే మళ్లీ మళ్లీ వస్తాయి, ఎందుకంటే కొత్తగా చిగిర్చిన ఆకు లేతగా, పోషకంతో ఉంటుంది. నీటి మీద తెగిన గడ్డి ముక్కలు తేలుతున్నా, పీచుపీచుగా ఆకుపచ్చటి రెట్ట ఉండలు తేలుతున్నా తాబేలు దగ్గర్లోనే ఉందన్నమాట.

తాబేలును చూడటం

నీళ్లలో దిగకముందే ఒడ్డు మీదో జెట్టీ మీదో ఇరవై నిమిషాలు కూర్చోండి. మేస్తున్న తాబేలు కొన్ని నిమిషాలకోసారి ఊపిరికి పైకి వస్తుంది. పిడికెడు తల ఒకటి రెండు క్షణాలు పైకి లేచి, "ఫూ" అని గాలి వదిలి మునిగిపోతుంది. తల లేచిన చోటును ఒడ్డు మీద ఏదైనా చెట్టుతో గురుతు పెట్టుకోండి. అదే చోట మళ్లీ లేస్తే మేస్తోందని అర్థం. ప్రతిసారీ పదేసి మీటర్లు జరుగుతూ లేస్తే ప్రయాణంలో ఉంది, దాని వెనక వెళ్లడం వృథా.

ఇక దిగండి. గురుతు పెట్టుకున్న చోటుకి నేరుగా వెళ్లకుండా, ఒక పక్కగా, దానికి మీరు ముందునుంచే కనపడేలా వెళ్లండి. ఫిన్స్ నీటి పైకి లేచి చప్పుడు చేయకూడదు, మోకాళ్లు మడవకుండా నీటి కిందే చిన్నగా ఆడించండి. పది మీటర్ల దూరంలో ఆగి, సాధనలో చేసినట్టే తేలండి. రెండు మూడు నిమిషాలు అది మీకు అలవాటు పడనివ్వండి. తర్వాత కావాలంటే ఐదు మీటర్ల దాకా పక్కవాటుగా జరగొచ్చు. అంతకన్నా దగ్గరికి మీరుగా వెళ్లకండి. నీళ్లలో వస్తువులు ఉన్నదానికన్నా పావు వంతు దగ్గరగా కనపడతాయి కాబట్టి, నాలుగు మీటర్లున్నట్టు అనిపిస్తే నిజంగా ఐదు దాటి ఉంటుంది. ఆ అనిపించే నాలుగే మీ హద్దు. అదే మేసుకుంటూ మీ వైపు వస్తే కదలకుండా ఉండిపోండి, అలా చాలాసార్లు వస్తుంది.

వెనక నుంచి తరమడం, పైనుంచి కమ్ముకోవడం, ఈ రెండూ చేయొద్దు. తాబేలుకి మీరు వేటకు వచ్చిన సొరచేపలా కనపడతారు. అది పైకి చూస్తూ లేవబోతుంటే ఊపిరికి వస్తోందన్నమాట, దాని దారిలోంచి పక్కకు జరగండి. ఊపిరి అందకుండా మళ్లీ కిందకు పోవాల్సి వస్తే తాబేలుకి అది నిజమైన బాధ. మేత ఆపి తల పైకెత్తి మీ వైపే చూడటం, ముందరి రెక్కతో తన ముఖం మీద విదిలించుకోవడం, గబుక్కున పక్కకు తిరగడం, వీటిలో ఏది కనపడినా రెండు మూడు మీటర్లు వెనక్కి జరగండి. పగడపు చూరు కింద కదలకుండా పడుకున్నది నిద్రపోతోంది, దాన్ని వదిలేయండి.

నలుగురికి మించి ఒక తాబేలు దగ్గర ఉండొద్దు, అందరూ ఒకే పక్కన ఉండాలి. చుట్టూ వలయంలా చేరితే పోయే దారి లేక బెదిరిపోతుంది. పది పదిహేను నిమిషాలు చూశాక మీరే మళ్లండి.

పగడాల దగ్గర ఇంకో రకం కనపడొచ్చు. మూతి డేగముక్కులా సన్నగా, డిప్ప మీది పెంకులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పడి, వెనక అంచు రంపంలా ఉంటే అది హాక్స్‌బిల్ తాబేలు. దాని ముఖ్యమైన మేత స్పాంజీలు, అందుకే అది గడ్డిలో కాక పగడాల సందుల్లో తిరుగుతుంది. అనుమానం వస్తే కళ్ల మధ్య చూడండి: పచ్చ తాబేలుకి అక్కడ పెద్ద పొలుసులు ఒక జతే, హాక్స్‌బిల్‌కి రెండు జతలు. డిప్ప దాటి బాగా బయటికి వచ్చిన పొడవాటి తోక ఉంటే పెద్ద మగది.

ఫోన్‌ను ప్లాస్టిక్ సంచిలో పెట్టి తీసేవాళ్లు ఒడ్డు మీదే కెమెరా తెరిచి, బొమ్మ తీయడం వాల్యూమ్ మీటకు మార్చుకోండి, నీళ్లలో తెర తాకితే పలకదు. ఫ్లాష్ ఆపేయండి. ఎదురుగా కాకుండా పక్క నుంచి, మీరూ కాస్త కిందకు మునిగి తీస్తే బొమ్మ బాగా వస్తుంది. కానీ ఎక్కువసేపు మునగాలని ముందుగా గబగబా పెద్ద ఊపిర్లు తీయకండి. దానివల్ల ఊపిరి కావాలన్న సంకేతం మెదడుకి ఆలస్యంగా అంది, నీళ్లలోనే స్పృహ తప్పి ప్రాణాలు పోయినవాళ్లున్నారు. మునిగేటప్పుడు ప్రతి మీటరుకీ ముక్కు పట్టుకుని మెల్లగా ఊది చెవులు సర్దుకోండి. నొప్పి ఉంటే పైకి వచ్చేయండి.

స్టార్‌ఫిష్‌ను కనిపెట్టడం

నక్షత్ర చేప అంటారు కానీ ఇది చేప కాదు, వెన్నెముక లేని జీవి. కింది భాగంలో వందల కొద్దీ మెత్తటి గొట్టపు కాళ్లతో నేలను పట్టుకుని అతి నెమ్మదిగా కదులుతుంది. వెతకాల్సింది గడ్డి నడిమధ్యన కాదు. ఇసుక ముగిసి, విరిగిన పగడపు ముక్కలు, బండలు మొదలయ్యే అంచు వెంట వెతకాలి. లోతు ఒకటి నుంచి మూడు మీటర్లు.

పద్ధతి ఇది. బండల అంచు వెంట ఒక మీటరు వెడల్పు పట్టీని మాత్రమే చూస్తూ వెళ్లండి. బండ వెలుగున్న పక్కను కాకుండా నీడ పక్కను చూడండి, చూరు కిందకి తల వంచి చూడండి. ప్రతి పెద్ద బండ దగ్గరా ఆగి నిమిషం చూశాకే కదలండి. మొదటి పది సెకన్లలో బండ మాత్రమే కనపడుతుంది, ఆ తర్వాతే దాని మీద ఏమున్నాయో కంటికి విడివిడిగా తెలుస్తాయి. రంగు కోసం కాదు, ఆకారం కోసం చూడండి. నీరు ఎరుపును త్వరగా మింగేస్తుంది కాబట్టి మూడు నాలుగు మీటర్ల లోతులో ఎర్రటిది కూడా గోధుమరంగు బండలాగే ఉంటుంది. ప్రకృతిలో ఐదు చేతులు సమంగా చాచి ఉండేవి తక్కువ, ఆ లెక్కే దాన్ని పట్టిస్తుంది.

సన్నటి గుండ్రటి వేళ్లలాంటి చేతులతో, మచ్చలు మచ్చలుగా అరచేతికన్నా చిన్నగా ఉండేది లింకియా జాతిది. వీటిలో ఒక చెయ్యి మాత్రం పొడవుగా ఉండి, మిగతా నాలుగూ మొగ్గల్లా చిన్నగా ఉన్నది కనపడితే కాసేపు ఆగి చూడండి. అది గాయపడింది కాదు. తెగిపోయిన ఒక్క చేతి నుంచి మొత్తం శరీరం మళ్లీ పెరుగుతోంది. అలా పెరగగలిగే జీవులు చాలా అరుదు. నిండు నీలం రంగులో ఉండే లింకియా అయితే పట్టపగలు బండల మీదే పడి ఉంటుంది, వెతకక్కర్లేదు.

చేతులే లేకుండా, ఉబ్బిన దిండులా, ఐదు మూలలతో ఉండే కుల్సిటా కూడా స్టార్‌ఫిషే. కొత్తవాళ్లు దాన్ని రాయనుకుని దాటిపోతారు. నేల మీద ఒంటరిగా, మిగతా రాళ్లతో పొందిక లేని గుండ్రటి రాయి కనపడితే అనుమానించండి. దాని పక్కనే పగడం తెల్లగా తినేసినట్టు ఉంటే అనుమానం తీరినట్టే, అది పగడాలనే తింటుంది. ఉత్త ఇసుకలో నక్షత్రం అచ్చు గుద్దినట్టు గుంట కనపడితే కింద ఒకటి పూడుకుని ఉండొచ్చు. తవ్వకండి.

పదికి పైగా చేతులు, ఒళ్లంతా ముళ్లు ఉన్నది ముళ్ల కిరీటపు స్టార్‌ఫిష్. ముళ్లలో విషం ఉంటుంది. దానికి చెయ్యి, మోకాలు, ఫిన్ ఏదీ తగలనివ్వకండి.

ఏ స్టార్‌ఫిష్‌నీ పీకొద్దు, నీళ్ల పైకి తీయొద్దు. బలంగా లాగితే గొట్టపు కాళ్లు నేలకే అంటుకుని తెగిపోతాయి. దాని ఊపిరి కూడా చర్మం మీది పలచటి బుడిపెల ద్వారా, ఆ కాళ్ల ద్వారా నీళ్లలోనే జరుగుతుంది. చేతిలో పట్టుకుని ఫొటో దిగే ఆ కాసేపూ దానికి ఊపిరాడదు. గైడు తీసి మీ చేతిలో పెట్టబోతే వద్దని చెప్పండి. పర్యాటకులు అడుగుతారనే వాళ్లూ తీస్తారు, నలుగురు వద్దంటే మానేస్తారు. రాళ్లు తిరగేసి చూడటం కూడా వద్దు. రాయి కింద నీడలో బతికేవి ఎండ తగిలితే చస్తాయి, పైన బతికేవి కింద పడి నలిగిపోతాయి.

దెబ్బలు తగిలేది ఎక్కడ

పగడాల మీద నిలబడకండి. అలసిపోతే వెల్లకిలా తిరిగి తేలండి, లేదా ఉత్త ఇసుక చూసుకుని దిగండి. ఇసుకలో నడిచేటప్పుడు కాలు ఎత్తి వేయకుండా ఈడుస్తూ నడవాలి. ఇసుకలో పూడుకున్న టేకు చేప (స్టింగ్‌రే) ఆ కదలికకు ముందే తప్పుకుంటుంది, తొక్కితే మాత్రం తోక ముల్లు దింపుతుంది. అందమైన శంకువు ఆకారపు గవ్వలు లోపల ప్రాణముంటే విషపు సూదితో పొడుస్తాయి, కాబట్టి ఏ గవ్వనూ చేత్తో తీయకండి.

టేకు చేప, రాతి చేప, ముళ్ల స్టార్‌ఫిష్ ముల్లు దిగితే వెంటనే బయటికి వచ్చి, పైకి కనపడే ముల్లు ముక్కను జాగ్రత్తగా తీసి, ఆ భాగాన్ని తట్టుకోగలిగినంత వేడి నీళ్లలో, 45 డిగ్రీలు మించకుండా, అరగంట నుంచి గంటన్నర దాకా ఉంచండి. నీళ్ల వేడిని దెబ్బ తగలని చేత్తో చూడండి, తిమ్మిరెక్కిన కాలికి వేడి తెలియక కాలిపోవచ్చు. లోతుగా దిగిన ముల్లును, ఛాతీలో పొట్టలో దిగినదాన్ని మాత్రం పీకకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పిక్క పట్టేస్తే వెల్లకిలా తిరిగి, ఫిన్ కొస పట్టుకుని మీ వైపు లాగండి. ప్రవాహం లాగితే ఎదురీదకండి. దానికి అడ్డంగా ఒడ్డు వైపు ఏటవాలుగా ఈదుతూ, చెయ్యెత్తి ఊపండి. పడవలు తిరిగే మొగ దగ్గరకి వెళ్లనే కూడదు. ఇంకెక్కడైనా నారింజ రంగు తేలే బుడగ ఒకటి తాడుతో నడుముకి కట్టుకుంటే పడవవాళ్లకి కనపడతారు.

అండమాన్‌కి వెళ్లేవాళ్లకి ఒక ముక్క

తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో స్థిరపడిన చోటు కాబట్టి అండమాన్‌కే ఎక్కువమంది వెళ్తుంటారు. షహీద్ ద్వీప్, అంటే పాత నీల్ దీవి చుట్టూ కూడా సముద్ర గడ్డి ఉంది, పైన చెప్పిన పద్ధతి అక్కడా పనికొస్తుంది. ఒక్క తేడా మాత్రం ప్రాణాల మీదిది: అక్కడ ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో హేవ్‌లాక్ దీవిలో (ఇప్పటి స్వరాజ్ ద్వీప్) స్నార్కెలింగ్ చేస్తున్న ఒక పర్యాటకురాలు మొసలి దాడిలో చనిపోయారు. వాగులు సముద్రంలో కలిసే చోట్ల, మడ అడవుల పక్కన, తెల్లవారకముందు, చీకటి పడ్డాక దిగకండి. లైఫ్‌గార్డులు ఉండి అనుమతించిన చోట మాత్రమే దిగండి, హెచ్చరిక బోర్డు ఉన్న చోట ఎవరు ఎంత ధైర్యం చెప్పినా దిగొద్దు.

తిరిగి వచ్చేటప్పుడు

మన సముద్ర తాబేళ్లన్నీ, పగడపు దిబ్బల్ని కట్టే పగడాలూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. తాబేలును తాకడం, పట్టుకోవడం సంగతి అలా ఉంచితే, ఒడ్డున దొరికిన చచ్చిన పగడపు ముక్కను సంచిలో వేసుకున్నా కేసు అవుతుంది. పిల్లలు ఏరుకుని జేబుల్లో వేసుకున్నవి గది ఖాళీ చేసేముందే తీయించి, దొరికిన ఒడ్డునే వదిలేయండి. మాస్కు, గొట్టం, ఫిన్స్ మంచినీళ్లలో కడిగి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే సిలికాన్ పసుపు తిరిగి గట్టిపడుతుంది. పూర్తిగా ఆరాకే సంచిలో పెట్టండి, తడి ఉంటే అంచు మడతల్లో నల్ల బూజు పడుతుంది.